తల్లి లేని కోడిపిల్లలకు వెచ్చని గూడు

కోళ్లను పెంచుట మన పల్లెలకు క్రొత్త విద్య కాదు. పెట్ట పొదుగునకు వచ్చినప్పుడు గంపలో ఊక పోసి, పది పండ్రెండు గ్రుడ్లు పెట్టి, దానిని కూర్చుండబెట్టుటయు, ఇరువదియొక్క దినములకు పిల్లలు వెలువడుటయు, పిమ్మట వానిని తల్లికి విడిచి మన పనికి మనము పోవుటయు తాతలనాటినుండి జరుగుచున్నదే. ఆ పిల్లలకు ఎంత వెచ్చదనము కావలెనో, ఎన్ని దినములు కావలెనో మనము లెక్కించినవారము కాము. లెక్కించు భారము తల్లికోడిది.

ఇప్పుడు కాలము మాఱినది. హైదరాబాదు చేరువను రాజేంద్రనగరమున 1988లో ఏర్పడిన కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ మొదలగు పెఱటికోళ్ల రకములను సిద్ధపఱచినది. ఇవి నాటుకోళ్లవలె రంగుల యీకలు కలిగి, పెఱటిలో తిరిగి మేయుచు, నాటుకోళ్లకంటె ఎక్కువ గ్రుడ్లు పెట్టును. వీనిని కోరు కర్షకులు ఒకదినపు పిల్లలను నూఱు, మున్నూఱు చొప్పున అట్టపెట్టెలలో తెప్పించుకొనుచున్నారు. పిల్లలు మున్నూఱు వచ్చును గాని తల్లి యొక్కటియు రాదు. తల్లి చేయవలసిన పని యంతయు కర్షకునిపై పడును. ఆ పనిని ఎట్లు చేయవలయునో ఈ వ్యాసమున వివరింపబడును.

చలి చేయు నష్టము

తెచ్చిన పిల్లలు మొదటి వారమున చచ్చినచో సామాన్యముగ రెండు మాటలు వినవచ్చును. పిల్లలు మంచివి కావని యొకటి. ఏదో రోగము తగిలినదని రెండవది. ఇవి కొన్నియెడల నిజములే. కాని పెక్కు తావుల అసలు కారణము మొదటి రాత్రి తగిలిన చలి.

ఇది సులభముగ గోచరింపకుండుటకు హేతువు కలదు. చలి తగిలిన పిల్ల ఆ రాత్రియే చావదు. గ్రుడ్డునుండి వెలువడుటకు కొంచెము ముందుగా, గ్రుడ్డులో మిగిలిన పచ్చసొన పిల్ల కడుపులోనికి చేరును. ఆ సొన రెండు మూడు దినములవఱకు దానికి ఆహారమగును. పిల్లలను పెట్టెలలో పెట్టి దూరదేశములకు పంపగలుగుట ఆ సొన మహిమ వలననే. చలి తగిలిన పిల్ల తోడిపిల్లల నడుమ ముడుచుకొని నిలుచునే గాని, నీటికిని దాణాకును పోదు. రెండు దినములు సొనతో బ్రతుకును. సొన తీఱిపోయిన పిమ్మట, మూడవనాడు మొదలు అయిదవనాటి లోపల, తిండి నేర్వని పిల్ల తలవాల్చును. అప్పటికి కర్షకుడు మొదటి రాత్రిని మఱచిపోయి యుండును. రోగమని తలచి మందులకై పరుగిడును. చలిదెబ్బ తిని బ్రతికిన పిల్లలును గిడసబారి, ఆఱు వారములకు రావలసిన తూకమునకు రావు. కావున మందు కొనుటకు పూర్వము ప్రతి కర్షకుడును ‘మొదటి రాత్రి నా పిల్లలు వెచ్చగా నుండెనా?’ యని తన్ను తాను ప్రశ్నించుకొనవలయును.

తల్లికోడి నేర్పు పాఠము

తల్లికోడి రెక్కల క్రింద పిల్లలు వెచ్చగా నుండును. అయినను అది వానిని దినమంతయు కప్పిపెట్టి యుంచదు. పిల్ల బయటికి వచ్చి నాలుగు గింజలు ఏఱుకొని, నీరు త్రాగి, చలివేసినప్పుడు మఱల రెక్క క్రిందికి దూఱును. వెచ్చదనము ఒకచోట, తిండి చల్లనిచోట, ఈ రెంటి నడుమ తిరుగు స్వేచ్ఛ పిల్లది. మనము కట్టు గూడునందును ఈ మూడును ఉండవలయును. గది యంతయు ఆవిరిపట్టునట్లు కాచుట తల్లి పద్ధతి కాదు. గది నడుమ ఒక వెచ్చనిచోటు కల్పించి, దాని చుట్టును చల్లనిచోటు విడుచుటయే సరియైన విధము. అట్లుండినచో మన లెక్కలో చిన్న పొరపాటున్నను పిల్ల తనకు తగిన చోటును తానే వెదకుకొనును.

పెరిగిన కోడి దేహోష్ణము సుమారు 106 ఫారన్‌హీటు డిగ్రీలు. ఒకదినపు పిల్లకు అంతకంటె రెండు మూడు డిగ్రీలు తక్కువ. దాని దేహము 35 మొదలు 40 గ్రాముల తూకము మాత్రమే. పైన నున్నది నూగు గాని యీక కాదు. చిన్న గిన్నెలోని నీరు పెద్దకాగులోని నీటికంటె త్వరగ చల్లారునట్లు చిన్న దేహము త్వరగ వేడిని కోల్పోవును. ఈకలు వచ్చి తన వేడిని తాను నిలుపుకొనగల శక్తి పిల్లకు రెండు మూడు వారములకు గాని కలుగదు. అంతవఱకు బయటి వెచ్చదనమే దానికి ప్రాణాధారము.

గదిని సిద్ధపఱచుట

పిల్లలు రాక ముందు రెండు వారములకే గది పని ముగింపవలయును. పాత ఊకను, రెట్టను పూర్తిగ తీసివేసి, దూరమున గోతిలో పూడ్చి, నేలను గోడలను కడిగి, సున్నము కొట్టించి, ఆఱనిచ్చి, గదిని ఖాళీగా నుంచవలెను. పెద్దకోళ్లు తిరుగుచోట పిల్లలను పెట్టరాదు. ఎలుక, పందికొక్కు, ముంగిస, పిల్లి, పాము దూఱు సందులను మూసివేయవలెను. ఒక్క పందికొక్కు ఒక్క రాత్రిలో చేయు నష్టము ఏ రోగమునకును తీసిపోదు. గది వాకిట సున్నపుపొడి పోసిన పళ్లెరముంచి, కాళ్లు అందులో పెట్టి లోనికి వచ్చు అలవాటు చేసికొనవలెను. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలయందు బర్డ్ ఫ్లూ అను పక్షిజ్వరము తగిలి కోళ్లు పెద్దసంఖ్యలో నశించిన సంగతి సభ్యులకు తెలిసినదే. చూడవచ్చిన ప్రతివానిని పిల్లల గదిలోనికి రానిచ్చుట మర్యాద యగును గాని క్షేమము కాదు.

నేలపై రెండంగుళముల మందమున ఎండిన వరి ఊక పఱవవలెను. ఊక దొరకనిచోట వేరుసెనగ తొక్కలు గాని, రంపపుపొట్టు గాని వాడవచ్చును. బూజు పట్టినది ఏదియు పనికిరాదు. ఊకపై మొదటి మూడు దినములు పాతకాగితములు పఱచినచో పిల్లలు ఊకను దాణా యని తినకుండును. నున్నని కాగితముపై పిల్లల కాళ్లు జాఱి వంకరపోవును గనుక గరుకు కాగితమునే వాడవలెను.

మఱియొక ముఖ్యవిషయము. దీపములను పిల్లలు వచ్చిన పిమ్మట వెలిగించుట కాదు; వచ్చుటకు ఒక దినము ముందే వెలిగింపవలెను. గాలి వేడెక్కుటకు గంట చాలును గాని, గచ్చునేలయు ఊకయు వేడెక్కుటకు చాలసేపు పట్టును. నేల చల్లగా నున్నచో పైన ఎంత వేడి యున్నను పిల్లల పాదములనుండి వేడిని నేల లాగివేయును.

కంచె, దాని కొలత

వెచ్చనిచోటు చుట్టును పిల్లలు దూరముగ పోకుండుటకు ఒక గుండ్రని కంచె కట్టవలెను. అడుగున్నర ఎత్తు చాలును. చలికాలమున రేకు గాని, అట్ట గాని మంచిది. గాలి విసురు తగులదు. ఎండకాలమున వెదురుతడిక మేలు, గాలి ఆడును. కంచె గుండ్రముగనే యుండవలెను. మూలలున్నచో, భయపడినప్పుడును చలివేసినప్పుడును పిల్లలు మూలకు చేరి ఒకదానిపై నొకటి యెక్కి, అడుగున నున్నవి ఊపిరాడక చచ్చును.

ఒక కంచెలో మున్నూఱు పిల్లలకు మించి పెట్టరాదు. ఆఱునూఱు పిల్లలు వచ్చినచో రెండు కంచెలు కట్టవలెను గాని ఒకటే పెద్ద కంచె కట్టరాదు. మున్నూఱు పిల్లలకు తొమ్మిదడుగుల వ్యాసము గల కంచె మొదట సరిపోవును. చుట్టుకొలత యిరువదియెనిమిది అడుగులకు కొంచెము మించును గనుక ముప్పది అడుగుల తడిక కొన్నచో అంచులు కలిపి కట్టుటకు వీలగును. మూడవ దినము మొదలు కంచెను కొంచెము కొంచెముగ విప్పుచు వెడల్పు చేయుచుండవలెను. పది దినములకు, చలికాలమైనచో రెండువారములకు, కంచెను తీసివేయవచ్చును. నాలుగు వారములవఱకు పిల్లకు అర చదరపుటడుగును, ఆ పిమ్మట ఒక చదరపుటడుగును నేల కావలెను. అనగా నేడు తొమ్మిదడుగుల వలయములో ఇమిడిన మున్నూఱు పిల్లలకు ఆఱు వారముల నాటికి మున్నూఱు చదరపుటడుగుల గది కావలెను. దీనిని ముందుగ ఆలోచింపక పిల్లలను తెచ్చినవారు నాలుగవ వారమున చోటులేక చిక్కుపడుదురు. ఇఱుకున పడిన పిల్లలు ఒకదాని యీకల నొకటి పొడుచుకొనును.

నీటిపాత్ర ఏబది పిల్లలకు ఒకటి చొప్పున ఆఱు కావలెను. పిల్లలు పడి తడియకుండునట్లు పాత్ర అంచు ఇఱుకుగ నుండవలెను. వెడల్పు పళ్లెరమైనచో అందు గులకరాళ్లు వేయవలెను. తడిసిన పిల్ల చలికి ఇట్టే లోబడును. దాణాతొట్టి పిల్లకు ఒక అంగుళము చొప్పున మొదట చాలును. రెండు ప్రక్కలనుండియు తినదగిన రెండడుగుల తొట్టి నలువదియెనిమిది పిల్లలకు సరిపోవును గనుక మున్నూఱింటికి ఏడు తొట్లు వలయును. వీనిని నీటిపాత్రలతో నొకటి విడిచి యొకటిగ, బండిచక్రపు ఆకులవలె, వెచ్చనిచోటికి వెలుపల అమర్పవలెను. దీపము సరిగ క్రింద నీరుగాని దాణాగాని పెట్టరాదు.

వేడినిచ్చు సాధనములు

విద్యుత్తు గల గ్రామములలో దీపములే సులభసాధనము. చలికాలమున పిల్లకు రెండు వాట్లు, ఎండకాలమున ఒక వాటు చొప్పున లెక్క. మున్నూఱు పిల్లలకు చలికాలమున ఆఱువందల వాట్లు. అనగా అఱువది వాట్ల దీపములు పది. ఇవి పాతకాలపు తీగదీపములై యుండవలెను. ఇప్పుడు ఇండ్లలో వాడు ఎల్‌ఇడి దీపములు వెలుతురు మిక్కుటముగ నిచ్చును గాని వేడి నీయవు. వెలుతురును చూచి వేడి యున్నదని భ్రమపడరాదు. ఇన్‌ఫ్రారెడ్ అను ఎఱ్ఱదీపములైనచో 250 వాట్లది నూఱు పిల్లలకు ఒకటి చొప్పున మూడు చాలును.

దీపములపై గొడుగువలె రేకుకప్పు అమర్చినచో వేడి పైకి పోక క్రిందికి దిగును. కప్పును త్రాటితో గాక గొలుసుతో వ్రేలాడదీయవలెను. త్రాడు కాలి తెగినచో దీపము ఊకపై పడి కొట్టము దగ్ధమగును. నేలనుండి అడుగున్నర ఎత్తున మొదలుపెట్టి, పిల్లలు పెరిగినకొలది పైకి లాగుచుండవలెను. దీపములన్నియు ఒకే తీగకు కట్టక రెండు తీగలకు పంచినచో ఒకటి చెడినను రెండవది నిలుచును.

థర్మామీటరును వెచ్చనిచోటి అంచున, ఊకకు రెండంగుళముల పైన, పిల్ల వీపు ఎత్తున వ్రేలాడదీయవలెను. గోడకు తగిలించిన థర్మామీటరు గోడ సంగతి చెప్పును గాని పిల్లల సంగతి చెప్పదు. అనుసరింపదగిన క్రమ మిది:

మొదటి వారము: 95 డిగ్రీలు (సెంటీగ్రేడు 35)
రెండవ వారము: 90 డిగ్రీలు (32)
మూడవ వారము: 85 డిగ్రీలు (29)
నాలుగవ వారము: 80 డిగ్రీలు (27)
అయిదవ వారము: 75 డిగ్రీలు (24)

వారమునకు అయిదు డిగ్రీలు తగ్గింపవలెనని దీని భావము. మన దేశమున చైత్రవైశాఖములందు పగటివేడి తనంతతానే 104 డిగ్రీలు దాటును. అప్పుడు పగలు దీపము లార్పి, గాలి ఆడనిచ్చి, కప్పుపై తడిగోనెలు వేయవలసి వచ్చును. లంబసింగి, అరకు వంటి మన్యపు తావులందును, ఆదిలాబాదు ప్రాంతమునను పుష్యమాసపు రాత్రులు గడ్డుచలి. అచట అయిదు వారములు దాటినను రాత్రి దీపము మానరాదు. పంచాంగమును చూచి కాదు, పిల్లలను చూచి దీపము మాన్పవలెను.

పిల్లలు వచ్చిన దినము

పెట్టెలు తెల్లవాఱుజామున గాని ఉదయమున గాని చేరునట్లు ఏర్పాటు చేసికొనుట మేలు. పగలంతయు పిల్లలను కనిపెట్టుటకు వీలుండును. రాగానే పెట్టెలను ఎండలో గాని గాలిలో గాని ఉంచక కంచె యొద్దకు తెచ్చి, పిల్లలను లెక్కించుచు వెచ్చనిచోట విడువవలెను. నీరు ముందు, దాణా పిమ్మట. ప్రయాణపు బడలికచే పిల్లలు దప్పిగొని యుండును. కాచి చల్లార్చిన గోరువెచ్చని నీటిలో తీపి తెలియునంత బెల్లము కలిపి మొదటి పూట పట్టవలెను. పది పిల్లల ముక్కులను నీటిలో ముంచి చూపినచో తక్కినవి వానిని చూచి నేర్చుకొనును. బెల్లపునీరు ఆ ఒక్క పూటకే. మఱునాడును పోసినచో ఈగలు మూగి, చీమలు పట్టి, ఊక జిగురుకట్టును.

నీరు త్రాగిన రెండు మూడు గంటలకు మొక్కజొన్న నూకను కాగితములపై పలుచగ చల్లవలెను. కాగితముపై గింజపడిన చప్పుడే పిల్లలను పిలుచును. రెండవ దినమునుండి పిల్లల దాణాను తొట్లలో పెట్టి, మూడు నాలుగు దినములకు కాగితములు తీసివేయవలెను.

ఆ రాత్రి పిల్లలు తినినవో లేదో తెలిసికొనుట కొక సులభోపాయము కలదు. ఇరువది ముప్పది పిల్లలను వేఱువేఱు చోట్లనుండి పట్టి, మెడక్రింద గింజలు నిలుచు తిత్తిని వ్రేలితో మెల్లగ తాకి చూడవలెను. మెత్తగ, నిండుగ నున్నచో పిల్ల నీరును దాణాను తీసికొనినది. గట్టిగా నున్నచో దాణా తినినది గాని నీరు త్రాగలేదు. ఖాళీగా నున్నచో ఏమియు ముట్టలేదు. మఱునాటి ఉదయమునకు దాదాపు అన్ని తిత్తులును నిండి యుండవలెను. లేనిచో కారణము వెదకవలెను. అది పెక్కుసారులు చలియే యగును. ఆ పిల్ల పాదములను మీ చెక్కిలికి ఆనించి చూడుడు. చల్లగ తగిలినచో థర్మామీటరు ఏమి చెప్పినను పిల్లకు చలి యున్నట్లే.

పిల్లలే థర్మామీటరు

వెచ్చదనము సరిగా నున్నప్పుడు పిల్లలు కంచెలో అంతటను చల్లినట్లు పరచుకొని, కొన్ని తినుచు, కొన్ని త్రాగుచు, కొన్ని కాళ్లు చాచి నిద్రించుచు, మెల్లని కూతలతో నుండును. చాలనప్పుడు దీపము క్రింద గుమిగూడి, గట్టిగ, ఎడతెగక కీచుమని యఱచును. ఎక్కువైనప్పుడు దీపమునకు దూరముగ కంచె నంటి, నోరు తెఱచి, రెక్కలు విప్పి, రొప్పుచు, కూతలేక నుండును. అన్నియు ఒకే ప్రక్కకు చేరినచో ఎదుటి ప్రక్కనుండి గాలివిసురు తగులుచున్నదని గుర్తు. ఆ వైపున గోనెపట్టా కట్టవలెను.

ఈ నాలుగు గుర్తులను ఎఱిగినవానికి థర్మామీటరు పగిలినను భయము లేదు. ఎఱుగనివానికి పది థర్మామీటరులున్నను ప్రయోజనము లేదు. పగలు ఎన్నిసారులు చూచినను, రాత్రి రెండు మూడు గంటల వేళ ఒకసారి లేచి చూడనిది పగటిచూపు చాలదు. చలి ముదురునది ఆ వేళనే.

దీపము పోయిన రాత్రి

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొమ్మను సామెత ఈ పనికి అక్షరాల సరిపోవును. చలికాలపు రాత్రి విద్యుత్తు ఆగిపోయినచో, మున్నూఱు పిల్లలు చీకటిలో భయపడి, చలికి ముడుచుకొని, ఒకదానిపై నొకటి యెక్కుటకు ఎంతో సేపు పట్టదు. రాశి అడుగున పడిన పిల్లలు చలికి కాదు, ఊపిరాడక చచ్చును. ఒక యింటి పెట్టుబడి యంతయు ఒక్క రాత్రిలో పోవు మార్గమిది. కావున విద్యుత్తుపోయిన పిమ్మట చేయవలసిన పనులకు వలయు వస్తువులను పిల్లలు రాకముందే గది యొద్ద చేర్చి యుంచవలెను.

మొదట వెలుతురు. ఒక లాంతరును గాని బ్యాటరీదీపమును గాని వెంటనే వెలిగించినచో పిల్లల భయము తగ్గును. నాలుగవనాటినుండి ప్రతిరాత్రియు ఒక గంట దీపములు తగ్గించి, మనము దగ్గఱ నుండి, పిల్లలకు మసకచీకటిని అలవాటు చేసినచో అనుకొనని చీకటికి అవి బెదరవు.

పిదప వేడి. మట్టికుండలలో వేడినీరు పోసి, మూతివేసి, గోనెగుడ్డ చుట్టి కంచెలో అక్కడక్కడ నుంచుట మిక్కిలి నిరపాయమైన విధము. నీరు చల్లారగానే మార్చుచుండవలెను. అది చాలనిచో పిల్లలను గడ్డి పఱచిన వెదురుగంపలలో ఇరువదియైదు ముప్పదిచొప్పున వేసి, గాలి ఆడునట్లు పలుచని గుడ్డ కప్పవలెను. కొలదిపిల్లలు ఒకదాని వేడితో నొకటి కాచుకొనును; పెద్దగుంపువలె రాశిపడవు.

బొగ్గుల కుంపటి వాడువారు మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. బొగ్గులను బయటనే రాజబెట్టి, పొగ పూర్తిగ పోయి, ఎఱ్ఱని కణకణలైన పిమ్మటనే లోనికి తేవలెను. కుంపటి చుట్టును పిల్లలు సోకకుండ రేకు నిలుపవలెను. అన్నింటికంటె ముఖ్యమేమన, గదిని బిగించి మూయరాదు. పొగ కనబడకున్నను బొగ్గులనుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టుచుండును. దానికి రంగు లేదు, వాసన లేదు. పిల్లలనే కాదు, ప్రక్కన పండుకొన్న కావలివానినిగూడ అది నిద్రలోనే చంపును. కుంపటి యున్న గదిలో ఎవ్వరును పండుకొనరాదు. గోడపైభాగమున గాలిసందులు తెఱచియే యుండవలెను.

గాలియు, ఊకయు

చలికి భయపడి గదిని నలువైపుల మూయుట మనవారిలో తఱచుగ కానవచ్చు పొరపాటు. పిల్లల ఊపిరి, రెట్ట, నీటితడి కలిసి గది ఉమ్మగిల్లును. తడిసిన ఊకనుండి అమ్మోనియా ఘాటు లేచి కన్నులను, ఊపిరితిత్తులను చెఱచును. ఆ ఘాటు నేలకు దగ్గఱ నుండును, నిలువబడినవానికి తెలియదు. దినమునకు ఒకసారి కర్షకుడు మోకాళ్లపై కూర్చుండి, పిల్ల తల యెత్తున తన ముఖ ముంచి, నిమిషముసేపు ఊపిరి పీల్చవలెను. తన కన్నులు మండినచో పిల్లలకును అట్లే. గాలివిసురు పిల్లలపై పడరాదు. గాలి మాత్రము పైనుండి ఆడవలెను. అందుచే గోనెపట్టాలను నేలనుండి పైకి కట్టి, పైన ఒకటి రెండడుగులు ఖాళీ విడువవలెను.

ఊకను ప్రతిదినము గుల్లచేసి, నీటిపాత్రల చుట్టు తడిసిన ఊకను ఎప్పటికప్పుడు తీసి క్రొత్తది వేయవలెను. తడి వెచ్చనిచోట కాక్సిడియోసిస్ అను రక్తపారుడు రోగపు బీజములు పెంపొందును. పొడి ఊకయే దానికి మొదటి మందు.

టీకాలు

మారెక్స్ టీకా పిల్లలు పుట్టిన చోటనే మొదటిదినమున వేయబడవలెను. వేసినారో లేదో కొనునప్పుడే అడిగి తెలిసికొనవలెను. కొక్కెర తెగులనబడు రాణీఖేతు వ్యాధికి అయిదవనాడు మొదలు ఏడవనాటి లోపల కంటిలో గాని ముక్కులో గాని ఒక చుక్క వేయుదురు. రెండవ వారపు చివరను గంబోరో టీకాయు, నాలుగవ వారమున మఱల కొక్కెర టీకాయు వచ్చును. ఆ యా తావులందలి పరిస్థితిని బట్టి పశువైద్యుడు చెప్పిన దినములనే పాటింపవలెను. చలితో ముడుచుకొన్న పిల్లలకు టీకా వేసినను అది సరిగ పట్టదు. ముందు వెచ్చదనము, పిమ్మట టీకా.

ప్రతిదినము చచ్చిన పిల్లల లెక్కను, రాత్రివేళ చూచిన వేడిని, పెట్టిన దాణాను ఒక చిన్న పుస్తకమున వ్రాసికొనవలెను. మొదటివారమున నూటికి ఒకటి రెండు పోవుట కలదు. అంతకు మించినచో పుస్తకము తెఱచి చూచిన చాలును. పోయినది మూడవనాడా, పదవనాడా యనుదానినిబట్టి కారణము తఱచుగ బయటపడును.

సంఘముగా చేయదగిన పని

ఈ పని ఒక్కొక్క యింటికి బరువు. పదిమంది కలిసినచో తేలిక. పెఱటిలో పది కోళ్లు పెంచుకొను ఇల్లాలికి పది ఒకదినపు పిల్లలనిచ్చి దీపము పెట్టి సాకుకొమ్మనుట న్యాయము కాదు. పది పిల్లలైనను, మున్నూఱైనను రాత్రి లేవవలసినది ఒక్కటే. గ్రామమున నేర్పరియైన సభ్యుడో సభ్యురాలో ఒకరు మున్నూఱు పిల్లలను ఆఱు వారములవఱకు సాకి, టీకాలు వేయించి, యీకలు వచ్చి గట్టిపడిన పిల్లలను ముప్పది యిండ్లకు పదేసి చొప్పున పంచుట ఉత్తమమైన పద్ధతి. వనరాజా, గ్రామప్రియ పిల్లలను అయిదారు వారములు ఇట్లు లోపల సాకిన పిమ్మటనే పెఱటిలో విడువవలెనని నిపుణులు చెప్పుచున్నారు. సాకినవారికి కూలియు, దాణాఖర్చును, పోయిన పిల్లల నష్టమును లెక్కకట్టి పిల్లకు ఇంతయని ముందే ధర నిర్ణయించుకొన్నచో తగవులుండవు.

టీకాల విషయమున సంఘప్రయోజనము మఱింత స్పష్టము. టీకా బుడ్డి నూఱు, ఇన్నూఱు, అంతకు మించిన మోతాదులుగ వచ్చును. దానిని మంచుగడ్డలలో తేవలెను, కలిపిన పిమ్మట రెండు గంటలలోపల వాడవలెను, మిగిలినది పనికిరాదు. పది పిల్లలున్న యింటివారు బుడ్డిని కొన్నచో తొంబది మోతాదులు నేలపాలగును. అందుచేతనే పెక్కుమంది కొననే కొనరు. పిల్లలందఱును ఒకచోట నున్నచో ఒక బుడ్డి, ఒక పూట, ఒక మనిషితో పని ముగియును. రేకుకప్పులు, తడికలు, నీటిపాత్రలు, విద్యుత్తు పోయినప్పటికై చిన్న జనరేటరు సంఘము కొని సభ్యులకు వంతులవారీగ నిచ్చినచో ఎవ్వరికిని పెట్టుబడి బరువు కాదు. ఒకరి కంచెనుండి మఱియొకరి కంచెకు పోవునప్పుడు ఆ పరికరములను కడిగి, ఎండలో ఆరబెట్టి యిచ్చుట మాత్రము నియమముగ నుండవలెను.

సభ్యులారా! పిల్లల ధరయు, దాణా ధరయు మన చేతిలో లేవు. మొదటి వారపు వెచ్చదనము మన చేతిలో నున్నది. దానికి కావలసినది పెద్దధనము కాదు. ఒక దినము ముందుగ వెలిగించిన దీపము, మూలలేని కంచె, గోనె చుట్టిన వేడినీటి కుండ, నడిరేయి ఒకసారి మేల్కొని చూచు మనిషి. ఈ నాలుగును సమకూర్చుకొనిన పిమ్మటనే పిల్లలకు బయానా ఈయవలెనని మనవి.